ఎడమ పక్కది

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పొడుగాటిది కాదు, మూడు మాటలు. చెప్పడానికి రెండు సెకన్లు పట్టి ఉంటుంది. ఆ రెండు సెకన్లూ నా చూపు గోడ గడియారం మీదే ఉంది, భోజనానికి ఆలస్యమవుతోందని.

నువ్వెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. క్షమించమని అడగడానికి రాయడం లేదని ముందే చెప్తున్నాను. క్షమాపణలు అడిగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. పని చెడగొట్టి, మొహం వేలాడేసుకుని వచ్చి, ఎదుటి మనిషి చేత ‘పర్లేదులే’ అనిపించుకుని హాయిగా వెళ్ళిపోతారు. అంటే నష్టపోయినవాళ్ళే వీళ్ళకి ఇంకో పని కూడా చేసిపెట్టాలి. నాకు నీ ‘పర్లేదు’ వద్దు. విను, చాలు.

నేను పుదుచ్చేరిలో పుస్తకాలు తయారుచేసిపెట్టే ఒక కంపెనీలో పనిచేస్తాను. విదేశాల నుంచి ప్రచురణకర్తలు రాతప్రతులు పంపుతారు. మేం తప్పులు దిద్ది, పేజీలు కట్టి, తిరిగి పంపుతాం. మా కంపెనీ పెద్దదీ కాదు, గొప్పదీ కాదు. నేను అక్కడ సాఫ్ట్‌వేర్ మనిషిని. దిద్దేవాళ్ళ కోసం మేమే సొంతంగా ఒక ఎడిటర్ ప్రోగ్రాం తయారుచేసుకున్నాం. అది ఔట్‌లైన్ ఎడిటర్. అందులో పుస్తకమంతా మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. అధ్యాయం కింద శీర్షికలు, శీర్షిక కింద ఉపశీర్షికలు, వాటి కింద పేరాలు. పక్కనున్న చిన్న త్రికోణం నొక్కితే కిందిదంతా ముడుచుకుని ఒక్క లైనైపోతుంది. మళ్ళీ నొక్కితే విచ్చుకుంటుంది. వెయ్యి పేజీల పుస్తకమైనా ముడిచేస్తే ఒక్క స్క్రీన్లో పట్టేస్తుంది.

దానికి రెండో పేన్ తెచ్చింది నేను. స్క్రీన్ని నిలువుగా రెండు చేస్తే ఒక్కో సగాన్నీ మేం పేన్ అంటాం. ఎడమ పేన్లో మూడో అధ్యాయం పెట్టుకుని, కుడి పేన్లో పదకొండో అధ్యాయం దిద్దుకోవచ్చు. వినడానికి తేలిగ్గా ఉంది కదా? ఇక్కడే ఒక చిక్కు. రెండు పేన్లలోనూ పుస్తకంలోని ఒకే భాగం తెరిచి ఉంటే, ఒకదాంట్లో చేసిన మార్పు రెండోదాంట్లోనూ జరగాలా? జరగాలి అన్నాను. ఉన్నది ఒకే పుస్తకం, దాన్ని రెండు వైపుల నుంచి చూస్తున్నాం, అంతే. ముడవడం మాత్రం దేనికదే. ఎడమవైపు ముడిచినా కుడివైపు విచ్చుకునే ఉండాలి. దీనికోసం మూడు వారాలు వాదించాను. తెల్ల బోర్డు నిండా బాణాలు గీశాను. మా మేనేజరుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ‘ఎక్సలెంట్’ అన్నాడు. ఆయనకి అర్థంకానిదంతా ఎక్సలెంటే.

పేన్ల పైన ‘ఈ రెండూ ఒకటే పుస్తకం’ అని చిన్న అక్షరాలతో ఒక లైను వేద్దామని మీటింగులో ఎవరో అన్నారు. నేను నవ్వాను. చదివి తెలుసుకోవాల్సి వస్తే ఇంక డిజైన్ ఎందుకు అన్నాను. అందరూ తలలూపారు. ఆ గదిలో తలలూపడం ఒక ఉద్యోగం.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను. ఆ డిజైన్ తప్పని నేనివాళ్టికీ అనుకోవడం లేదు. ఇలాంటి ఎడిటర్లు చాలావరకు అలాగే పనిచేస్తాయి. డిజైన్ తప్పయితే నాకెంతో బాగుండేది. తెలివితక్కువతనం వెనక దాక్కునేవాణ్ణి.

ఇప్పుడు రాజేశ్వరక్క గురించి. కె. రాజేశ్వరి, మా ప్రూఫ్ రీడర్లందరిలోకీ పెద్దావిడ. అప్పటికి యాభై దాటాయి. కోసపాళయంలో ఇల్లు. వాళ్ళ నాన్న అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చేవాడు. ఆమె పదహారేళ్ళకే అక్కడ చేరింది. అప్పట్లో ప్రూఫు దిద్దడానికి ఇద్దరు కూర్చునేవాళ్ళట. ఒకరు రాతప్రతిని కామాలూ ఫుల్‌స్టాపులతో సహా పైకి చదువుతారు. రెండోవాళ్ళు అది వింటూ ప్రూఫు మీద గుర్తులు పెడతారు. రాజేశ్వరక్క వినే మనిషి. రోజుకి ఎనిమిది గంటలు వినేది. చదివేవాళ్ళు కామా అనడం మర్చిపోయినా గొంతు ఆగిన తీరుని బట్టి అక్కడ కామా ఉందని పట్టేసేదట.

ఆ పనిలో ఒక నియమం ఉంది. బల్ల మీద రాతప్రతి ఎప్పుడూ ఎడమ పక్క, ప్రూఫు కుడి పక్క. ఎడమ పక్క కాగితాన్ని కలం తాకకూడదు, పెన్సిలైనా సరే. వేలితో వెంబడించొచ్చు, అంతే. కుడి కాగితం పాడైతే ఇంకోటి తీస్తారు, ఎడమది మాత్రం ఒక్కటే. ఆమె చేయి ముప్ఫై ఏళ్ళకి పైగా అలాగే నడిచింది. మా కంపెనీలో కంప్యూటర్ ముందు కూర్చున్నా, ఆమె బల్ల మీద కలాలన్నీ కుడి పక్కే ఉండేవి.

ఇదంతా నాకు తెలుసు. తెలియదని చెప్పి తప్పించుకునే దారి కూడా నాకు లేదు. వాడేవాళ్ళని గమనించి రమ్మని కంపెనీ పంపితే, రెండు రోజులు ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆమె చెప్పిందంతా నోట్సు పుస్తకంలో రాసుకున్నాను. రాసుకుంటూ లోపల నవ్వుకున్నాను. అప్పుడు నాకు ఇరవై తొమ్మిది, కళ్ళు నెత్తి మీద ఉండేవి. ప్రూఫ్ రీడర్లంటే నాకు మహా చులకన. మెడలో తాడుకి వేలాడే కళ్ళజోళ్ళు, మూడు గిన్నెల క్యారియర్లు, మౌస్‌ని రెండు చేతుల్తో పట్టుకోవడం. వాళ్ళు దిద్దకపోతే మా కంపెనీకి అమ్ముకోవడానికి ఏమీ లేదన్న సంగతి నా బుర్రకి తట్టేది కాదు. ఆఫీసంతా నన్ను సార్ అంటుంటే ఆమె మాత్రం తమ్ముడూ అనేది. ఆమె ఇంట్లోనూ మా ఇంట్లోనూ మాట్లాడేది తమిళం కలిసిన తెలుగే, బజారులో మా స్టీలు సామాన్ల అంగడి ఆమెకి తెలుసు, అందుకని. అది కూడా నాకు కిట్టేది కాదు.

కొత్త ఎడిటర్ వచ్చాక అందరికీ శిక్షణ పెట్టారు. నేనే చెప్పాను. ఒక పేన్‌లోంచి ఇంకో పేన్‌లోకి ఎలా వెళ్ళాలో, ఎలా ముడవాలో, ఎలా విప్పాలో చూపించాను. ఒకవైపు కొంత భాగం కోసేస్తే రెండోవైపు కూడా పోతుందని చూపించలేదు. అది చూపించడానికి ఏముంది, తెలిసిన సంగతే కదా అనుకున్నాను. మధ్యాహ్నం అయింది. అందరూ క్యారియర్లు తీసుకుని బయటికి పోయారు. ఆమె ఆగింది.

“తమ్ముడూ, ఒక సందేగం.”

“చెప్పండక్కా.”

“కుడి పక్క నేను కోసుకుంటా పోతే, ఎడమ పక్కది అట్టనే ఉంటాది గదా? దానికేమీ కాదు గదా?”

“ఉంటాదక్కా. ఏమీ కాదు.”

“రెండూ ఒకే మాదిరి కనపడతా ఉంటే నాకు దడగా ఉంది పా. ఎడమది పోతే యాడకని పోయేది?”

“మీరు కుడి పక్క చూసుకోండి చాలు. ఎడమది నేను చూసుకుంటా.”

ఆమె నవ్వింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. సరే పా అని వెళ్ళిపోయింది.

అంతే జరిగింది. ఈ తొమ్మిదేళ్ళలో దాన్ని ఎన్ని రకాలుగా తిప్పి చూశానో. ఆమె ప్రశ్న నాకు అర్థం కాలేదా? అయింది. అంత సూటిగా మా ఆఫీసులో ఎవరూ ఏదీ అడగరు. మరి ఎందుకలా అన్నాను? ఆకలేసిందనుకుంటే బాగానే ఉంటుంది, ఆకలి మనుషులకి ఉండేదే. కాదక్కా, రెండూ ఒకటే పుస్తకం, కోసేముందు వేరే ప్రతి తీసుకోవాలి అని చెప్పడానికి పది నిమిషాలు పట్టేది. చెప్తే, మరి మా చేతి అలవాటు నీకు తెలుసు గదా, ఇట్ట ఎందుకు చేసినావు అని అడిగి ఉండేది. దానికి నా దగ్గర జవాబుంది, కానీ ఆమెకి జవాబు చెప్పాల్సిన మనిషిని నేను అనిపించుకోవడం నాకిష్టం లేదు. ఆమె నాకంటే తక్కువ మనిషి అనుకున్నాను. ఆకలీ కాదు, తొందరా కాదు, అసలు సంగతి అదే. ఆ మధ్యాహ్నమే నోట్సు పుస్తకంలో రాసుకున్నాను: ‘ఎడమది వేరే ప్రతి అనుకుంటోంది. తాతల కాలం.’ పక్కన నవ్వుతున్న మొహం బొమ్మ గీశాను. బొమ్మ గీసే తీరిక మాత్రం ఉంది.

రెండు నెలలు గడిచాయి. ఆమె చేతిలో అప్పుడొక పెద్ద పుస్తకం ఉంది, మందుమొక్కల నిఘంటువు. ఏడు నెలలుగా దిద్దుతోంది. ఒక్కో మొక్క కింద ఆమె రచయితలని అడిగిన ప్రశ్నలు, వాళ్ళిచ్చిన జవాబులు, చివరికి తేల్చిన మాట, అన్నీ ఆ ఎడిటర్లోనే ఉన్నాయి. దిద్దడం అయిపోవచ్చింది. అప్పుడు ప్రచురణకర్త విద్యార్థుల కోసం పొట్టి పుస్తకం కూడా కావాలన్నాడు. మూడింట రెండు వంతులు కోసెయ్యాలి. ఆమె పుస్తకాన్ని రెండు పేన్లలోనూ తెరిచింది. ఎడమ పక్కది మూలం. దాన్ని పద్ధతిగా అధ్యాయాల పేర్లు మాత్రమే కనిపించేలా ముడిచిపెట్టుకుంది. ముట్టుకోకూడదు కదా. కుడి పక్క కోత మొదలుపెట్టింది.

కుడివైపు ఆమె కోసిన ప్రతి ముక్కా ఎడమవైపు కూడా పోతోంది. ముడిచి ఉంది కాబట్టి కనిపించలేదు. ప్రతి అధ్యాయంలోనూ కొంత మిగులుస్తోంది కాబట్టి అధ్యాయాల పేర్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ముడవడం దేనికదే ఉండాలని నేను మూడు వారాలు వాదించి సాధించింది ఇందుకే పనికొచ్చింది.

అయిదు రోజులు కోసింది. ఆరో రోజు పొద్దున ఏదో సరిచూసుకోవడానికి ఎడమ పక్క ఒక అధ్యాయం త్రికోణం నొక్కింది. మా సర్వర్‌లో పాత ప్రతులు మూడు రోజులవే ఉండేవి. ఆమె చేయి వేగం గలది, మొదటి రెండు రోజుల్లోనే సగం పుస్తకం కోసేసింది. ఆ సగం ఇక లేదు. ప్రచురణకర్త పంపిన దిద్దని రాతప్రతి ఉంది గానీ, ఏడు నెలల పనిలో సగం పోయింది. పుస్తకం ఆలస్యమైంది. ఆ ప్రచురణకర్త మాకు మళ్ళీ పుస్తకం ఇవ్వలేదు.

విచారణ అని ఒకటి పెట్టారు. మేనేజరు, హెచ్.ఆర్. ఆవిడ, నేను, రాజేశ్వరక్క. మేనేజరు నన్నడిగాడు, రెండు పేన్లూ ఒకే పుస్తకమని శిక్షణలో చెప్పావా అని. చెప్పాను సార్, రెండుసార్లు చూపించాను అన్నాను. నీళ్ళు నమల్లేదు. గొంతు తడబడలేదు. ఎంత బాగా చెప్పానంటే ఒక్క క్షణం నాకే నమ్మకం కలిగింది.

ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు. నేనింకా ఏదో చెప్పబోతున్నానని ఎదురుచూసినట్టు చూసింది. నేను లాప్‌టాప్‌లోకి చూశాను. అందులో ఏమీ తెరిచి లేదు. ఆమె అంది, “తమ్ముడు చెప్పే ఉంటాడు సార్. నాకే చెవికి సరిగా పడలేదేమో.”

పోనీ నా మీద అరిచి ఉంటే? ఈ తమ్ముడే ఉంటాదన్నాడు సార్ అని ఉంటే? ఏం చేసి ఉండేవాణ్ణి? నాకు తెలుసు. పాపం పెద్దావిడ, అయోమయంలో ఉంది అని మెత్తగా అని ఉండేవాణ్ణి. హెచ్.ఆర్. ఆవిడ సానుభూతిగా తలూపి ఉండేది. అంత దాకా రాకుండా ఆమె నన్ను కాపాడింది. కావాలని కాపాడిందా, లేక నిజంగానే తన చెవిని అనుమానించిందా? చాలా ఏళ్ళు మొదటిదే అనుకుంటూ గడిపాను. గొప్ప మనసు, వదిలేసింది అని. దొంగకి దయగల ఇంటివాళ్ళంటే ఇష్టం.

వాడినవాళ్ళ పొరపాటు అని రిపోర్టు రాశారు. రాసింది నేనే, సంతకం మేనేజరుది. ఆ సాయంత్రం నోట్సు పుస్తకంలోంచి ఆ పేజీ చింపి ఆఫీసు బాత్రూములో వేసి నీళ్ళు వదిలాను. ఒకసారికి పోలేదు. నవ్వు మొహం పైకి తేలింది. ట్యాంకు నిండేదాకా నిలబడి మళ్ళీ వదిలాను.

ఆమెని ఊరి చివర మేట్టుపాళయంలో మా గోడౌనుకి మార్చారు. అచ్చయ్యాక మాకు పంపే పుస్తకాల ప్రతుల పెట్టెల మీద లేబుళ్ళు సరిచూసే పని. గొంతు ఆగితే కామాని పట్టే మనిషికి పెట్టెల నంబర్లు. ఏడాది చేసి మానేసింది. వీడ్కోలు కేకు కూడా కోయలేదని ఎవరో అంటే, నేను అయ్యో అన్నాను.

అసలైన సిగ్గుమాలిన పని ఆ తర్వాత చేశాను. ఎడిటర్లో ఒక కొత్త ఏర్పాటు తెచ్చాను. ఒక బటన్ నొక్కితే ఎడమ పేన్ మూలప్రతిగా నిలిచిపోతుంది. కుడివైపు ఎంత కోసినా దానికేమీ కాదు. రాజేశ్వరక్క బల్ల మీది నియమం, ఉన్నదున్నట్టు. ఆమె నోట విన్నదాన్ని నా పేరు మీద కట్టాను. అందరూ మెచ్చుకున్నారు. కంపెనీ ఒక షీల్డు ఇచ్చింది. కాలాపేటలో కాలేజీ పిల్లలకి దాని గురించి ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఈ ఆలోచన మీకెలా వచ్చింది సార్ అని ఒక అమ్మాయి అడిగింది. వాడేవాళ్ళు చెప్పేది ఓపిగ్గా వినడం వల్ల అన్నాను. ఓపిగ్గా! ఆ మాట అన్న నోట్లో పురుగులు పడాల్సింది. చప్పట్లు పడ్డాయి.

ఇంతకాలం ఎలా బతికావు అని అడుగుతావేమో. సుఖంగా బతికాను. ఆ బరువు రోజూ తెలిసేది కాదు. ఎవరైనా నన్ను పొగిడినప్పుడు మాత్రం ఛాతీ మీద ఏదో పెట్టినట్టుండేది. పొగడ్త ఆగాక అదీ పోయేది. పని మానేశాక ఆమెకి ఇంట్లో తీరిక దొరికిందిలెమ్మని కూడా అనుకున్నాను. ఎంత సులువుగా దొరుకుతాయో ఇలాంటివి.

పోయిన నెల మా తమ్ముడి పెళ్ళి పత్రిక ప్రూఫు వచ్చింది, ఒక పక్క తమిళం, ఒక పక్క ఇంగ్లీషు. రాజేశ్వరికి ఒకసారి చూపించి అచ్చుకిద్దాం అంది అమ్మ. కోసపాళయం చుట్టుపక్కల వీధుల్లో ఎవరి పత్రికైనా ఒకప్పుడు ఆమె చూశాకే అచ్చయ్యేది. అమ్మ స్కూటరెక్కి కూర్చుంది. వెళ్ళక తప్పలేదు.

ఆమె వాకిట్లోనే ఉంది. జుట్టు తెల్లబడింది. బాగుండావా తమ్ముడూ అంది. కాఫీ పెట్టింది. అమ్మ పత్రిక చేతికిస్తే, దాన్ని చూడకుండానే తిరిగి అమ్మ చేతిలో పెట్టేసింది.

“వద్దక్కా, ఇప్పుడు నేను చూసేది లేదు. నేను చూసినానంటే మీరు నమ్మి అచ్చేస్తారు. నా చెవీ నా కన్నూ నాకే నమ్మకం లేకపోయిన తర్వాత ఎట్ట చూసేది?”

అమ్మ ఏదో సర్దిచెప్తోంది. నాకు కాఫీ గ్లాసు చేతిలో కాలుతోంది. అప్పుడు తెలిసింది, ఆమె నన్ను కాపాడలేదు. నిజంగానే నమ్మింది. ఆ రోజు నేను రెండూ ఒకటే అన్నానని, తనకే వేరేగా వినబడిందని, ఈ తొమ్మిదేళ్ళూ నమ్ముతూనే ఉంది. ఆమె ఉద్యోగం పోగొట్టానని అనుకుంటూ వచ్చాను. ఉద్యోగం చిన్నది. ఆమె తన జీవితమంతా దేని మీద నిలబడిందో దాన్ని తీసేశాను. ఆమె సరిగ్గానే విన్నది. ప్రతి అక్షరం సరిగ్గా విన్నది. అది తెలిసిన మనిషి లోకంలో ఒక్కడే, అతను ఎదురుగా కూర్చుని కాఫీ ఊదుకుంటున్నాడు.

అక్కడే చెప్పొచ్చు. ఒక్క వాక్యం. అమ్మ ఉంది కదా అనుకున్నాను. పెళ్ళి పని మీద వచ్చాం, ఇప్పుడెందుకు అనుకున్నాను. ఆమె గ్లాసు తీసుకోవడానికి చేయి చాచింది. “కాఫీ బాగుందక్కా” అన్నాను. అంతకంటే నీచమైన మాట నేనెప్పుడూ అన్నట్టు గుర్తు లేదు.

ఇంటికొచ్చాక, ఆమెకి ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. ఇదే ఆ ఉత్తరం. మొదట్లో ఆమెకే మొదలుపెట్టాను, రెండో పేరాలోనే నీ వైపు తిరిగిపోయింది. ఇంకోటి కూడా చూశాను, సగం రాశాక. రాజేశ్వరక్కకి తెలుగు చదవడం రాదు. వాళ్ళింట్లో ఎవరికీ రాదు. మూడు తరాలుగా మాటే తప్ప అక్షరం లేదు. నేను నెల్లూరు హాస్టల్లో చదివాను కాబట్టి నాకొచ్చు. ఇంగ్లీషులో రాస్తే ఆమె ఒక్క గుక్కలో చదివి, నా కామాలు కూడా దిద్ది ఇచ్చేది. తమిళంలో రాసినా చదివేది. నా చేయి తిన్నగా తెలుగులోకి పోయింది. ఎందుకు పోయిందని నన్ను అడగకు. ఇంత చదివాక నన్ను నువ్వు ఎరుగుదువు.

చూసి కూడా ఆపలేదు. ఇక్కడి దాకా రాశాను. కనుక రాయాల్సింది రాసేస్తాను, పిరికివాడి అక్షరాల్లోనే. ఆమె స్పష్టంగా అడిగింది. నేను స్పష్టంగా విన్నాను. ఎడమ పక్కది ఉంటుందని అన్నాను. ఉండదని నాకు తెలుసు. పొరపాటు ఆమెది కాదు, ఆమె చెవిది కాదు.

ఈ అయిదు వాక్యాలూ నా తలలోంచి బయటికి రావడం ఇదే మొదటిసారి. నిజం చెప్పాలంటే ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. ఆమె కోసపాళయంలో ఇంకా తన చెవినే తప్పుపట్టుకుంటోంది.